ఆగి ఆగి వచ్చే బంతి

మే 11, 2008, ఆదివారం

విండోస్ చచ్చింది. తమ్ముడి స్నేహితుడు గురు పట్టుకొచ్చిన పాటల సీడీలోంచి వైరస్ దూరి, పొద్దున్నుంచి కంప్యూటర్ నీలం తెర చూపించి ఊరుకుంటోంది. నాకైతే పీడ విరగడైనట్టే ఉంది. ఎన్నాళ్ళని దొంగ కాపీలతో వేగుతాం? లైనక్స్ గుంపు నడిపే పురుషోత్తమన్ సార్ ఇచ్చిన సీడీ, విండోస్‌కు బదులు ఎవరైనా ఉచితంగా వాడుకోగల లైనక్స్ ఉన్నది, బీరువాలో చీరల కింద ఎప్పటినుంచో ఎదురుచూస్తోంది. భోజనం కాగానే కూర్చుని ఎక్కించేశాను.

విమల్ చక్రాల కుర్చీలో పక్కనే ఉండి అంతా చూశాడు.

"అక్కా, దీంట్లో నా క్రికెట్ వస్తాదా?"

"రాకేం? విండోస్ కన్నా బాగా వస్తాది చూడు."

సరే అన్నాడు. నేను ఏం చెప్పినా నమ్ముతాడు. అదే నాకు భయం.

తెలుగులో రాసుకోవడంలో ఒక సుఖం ఉంది. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. నాన్నకూ అమ్మకూ విమల్‌కూ తెలిసినవి తమిళ అక్షరాలే. కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉన్న యానాం అమ్మాయి అభినయ పుణ్యమా అని నాకు అబ్బింది. బల్ల మీద తెరిచిపెట్టి ఆఫీసుకు పోయినా నా గుట్టు బయటపడదు.

మే 12

రాలేదు. నల్ల తెర.

మే 14

ఈరోజూ నల్ల తెరే. సాయంత్రం గురు వచ్చాడు. విమల్‌తో బళ్ళో చదువుకున్నవాడు, ఇప్పుడు పాలిటెక్నిక్. జేబులో విండోస్ సీడీ పెట్టుకునే వచ్చాడు.

"అరగంట పనక్కా. వేసేస్తే పాపం వాడు ఆడుకుంటాడు గదా."

"నా ఇంట్లో దొంగ సరుకు వద్దు రా."

"నిన్నదాకా ఉన్నింది అదే గదక్కా."

ఇలాంటి మాటలకు జవాబు చెప్పను. అమ్మ వాడికి మురుకులు పెట్టి పంపింది. తరువాత నాతో, "నీ పంతం నీది, ఆట వాడిది," అంది. ఆ మాట కాస్త గుచ్చుకుంది.

నాకు తెలియక కాదు. వాడికి అన్నం అమ్మ తినిపిస్తుంది. స్నానం నాన్న చేయిస్తాడు. జుట్టు నేను దువ్వుతాను. ఆరో తరగతిలో కాళ్ళు పోయాయి, ఇప్పుడు పదిహేడేళ్ళు, భుజాలు లేవవు. కండరాలు ఒక్కొక్కటీ తీసుకుపోయే జబ్బు. కీబోర్డు ఒళ్ళో పెడితే మాత్రం రెండు వేళ్ళతో బ్యాటింగ్ చేస్తాడు. ఎవరి సాయం లేకుండా వాడు చేసే పని ఇంట్లో అదొక్కటే. ఆ గేమ్‌లో ఒక ఆటగాడి పేరు చెరిపేసి 'విమల్ ఎ' అని రాసుకున్నాడు. ఎ అంటే ఆదికేశవన్, మా నాన్న.

అందుకే లైనక్స్‌లో దాన్ని నడిపి తీరాలి. ఇది పంతం కాదు.

మే 22

వైన్ వేశాను. ఆ మాటే అమ్మతో అంటే గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చేసింది.

"వైనా? ఊరినిండా బ్రాందీ షాపులే, చాలలేదా? ఇంట్లోకి ఏంది?"

విమల్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. వీపు నిమిరి నీళ్ళు పట్టాక అమ్మకు చెప్పాను, విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించే సాధనమమ్మా, దాని పేరే వైన్ అని. "అట్లయితే విండోసే పెట్టుకోవచ్చు గదా," అంది. గురుకూ అమ్మకూ ఒకటే బుర్ర.

మెనూ వచ్చింది. మైదానం రాలేదు.

జూన్ 1, ఆదివారం

వచ్చింది! మైదానం, జనం, స్టంప్‌లు, అన్నీ. కానీ సంతోషపడదామంటే సిగ్గుగా ఉంది. బౌలర్ పరుగు చూస్తే మోకాళ్ళ లోతు అలల్లో నడుస్తున్నట్టుంది. బంతి చేతిలోంచి బయలుదేరి, ఆగి, కొంచెం ముందుకు వచ్చి, మళ్ళీ ఆగి, అప్పటికి గాని బ్యాట్ దగ్గరికి చేరదు. గ్రాఫిక్స్ కార్డును నడిపే ప్రోగ్రాం, అదే డ్రైవర్, లేక ప్రాసెసరే బొమ్మలన్నీ గీస్తోంది. ఆ గేమ్ రాసినవాడు ఆట వేగాన్ని బొమ్మలకు ముడివేశాడు. బొమ్మ ఆలస్యమైతే ఆటే ఆలస్యం.

"ఆపేస్తా, ఇంకా పని ఉండాది దీనికి," అన్నాను.

"వద్దక్కా, ఉండనీ. నేను ఆడతా."

మధ్యాహ్నం దాకా ఆడాడు. ఫోర్ కొట్టి అరిచాడు. ఎన్ని నెలలైంది వాడు అలా అరిచి? అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. యాభై పరుగులు దాటాక నావైపు తిరిగి, "బాగుందక్కా, నిజంగా," అన్నాడు.

నన్ను నొప్పించకూడదని అంటున్నాడు. ఈ వయసుకే అంత మనసు వాడికి.

జూన్ 9

ఆఫీసు నుంచి సైకిల్ మీద వచ్చేసరికి రోజూ ఆడుతూనే ఉంటాడు. వాడి స్కోర్లు అమ్మ నాకు అప్పజెబుతోంది, క్రికెట్ అంటే ఏమిటో తెలియకుండానే.

గురు చూసి పడీపడీ నవ్వాడు. "ఏంది రా ఇది, బంతి బస్సు కోసం ఎదురుచూస్తా ఉండాదా? మా ఇంట్లో చూడు, సర్రని పోతాది."

"నాకు ఇదే బాగుంది," అన్నాడు విమల్.

నా తరఫున వాదించడం నాకు నచ్చలేదు. నా తమ్ముడు నా కోసం సర్దుకోవాలా? విండోస్‌లో ఎంత వేగంగా ఆడేవాడో అంతే వేగంగా ఆడించి చూపిస్తాను.

జూలై 3

ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టర్ నాన్నను ఒక్కడినే లోపలికి పిలిచాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాన్న దారంతా రోడ్డు వైపే చూశాడు. ఇల్లు చేరగానే పొలానికి నీళ్ళు పెట్టాలని బండి తీసుకుని విల్లియనూరు వెళ్ళిపోయాడు. మోటారుకు కరెంటు ఉండే వేళ కాదు అది.

వైన్ ఒకటో వెర్షన్ వచ్చింది. పదిహేనేళ్ళు పట్టిందట వాళ్ళకు. రేపు దించుకోవాలి.

జూలై 4

నాన్న చెప్పాడు. రాయను.

జూలై 6, ఆదివారం

లైనక్స్ గుంపు కలిసే రోజు. ఆగస్టు చివర్లో నన్ను మాట్లాడమన్నారు పురుషోత్తమన్ సార్. "లైనక్స్‌లో గేమ్స్ విండోస్‌కు దీటుగా నడుస్తాయా అని అందరూ అడుగుతున్నారు కీర్తికా, నువ్వు చేసి చూపించు." ఒప్పుకున్నాను. చేసి చూపించడానికి నా దగ్గర ఒకే గేమ్ ఉంది.

జూలై 14

ఫ్రాన్సు జాతీయ పండగ. వైట్ టౌన్‌లో ఫ్రెంచి జెండాలు. ఒకప్పుడు ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన ముసలి సోల్జర్లు మెడల్స్ పెట్టుకుని బీచ్ రోడ్డులో నిలబడ్డారు. ఆఫీసులో పని లేదు, డ్రైవర్ గురించి లైనక్స్ వాడేవాళ్ళు ఈమెయిల్‌లో మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టులో అడిగాను. ముగ్గురు జవాబిచ్చారు, మూడు రకాలుగా.

జూలై 20

కంప్యూటర్ బల్ల విమల్‌కు ఎత్తుగా ఉంటోంది. కీబోర్డు ఒళ్ళో ఉంటే జారుతోందని బల్ల మీద పెడుతున్నాం, చేతులు అందడం లేదు. వడ్రంగి చెల్లప్పన్‌ను పిలిచి కాళ్ళు కోయించాను.

ఆగస్టు 2

బల్ల ఇంకా ఎత్తుగానే ఉంది. చెల్లప్పన్ మళ్ళీ వచ్చాడు. కొలిచాడు, విమల్ చేతుల వైపు చూశాడు, రంపం సంచిలో పెట్టేసుకున్నాడు.

"ఇంక కోసేదానికి ఏం లేదమ్మా," అన్నాడు.

వీడికి పని మీద శ్రద్ధ లేదు. వేరే వడ్రంగిని చూడాలి.

ఆగస్టు 10, ఆదివారం

అయింది!! డ్రైవర్ పట్టింది. కొత్త వైన్, కొత్త డ్రైవర్. బంతి సర్రున వస్తోంది. లెక్క చూశాను, విండోస్ ఉన్నప్పటి అంకె కన్నా సెకనుకు రెండు ఫ్రేములు, అంటే రెండు బొమ్మలు, ఎక్కువే. రెండే కావచ్చు, ఎక్కువ ఎక్కువే. విమల్ పడుకుని ఉన్నాడు, చెప్పలేదు. పదిహేనో తేదీ సెలవు, అందరినీ పిలిచి చూపిస్తాను.

ఆగస్టు 15

గురు వచ్చాడు, పురుషోత్తమన్ సార్ వచ్చారు, నాన్న కూడా పొలానికి పోకుండా ఉన్నాడు. అమ్మ కేసరి చేసింది. కీబోర్డు నేనే విమల్ ఒళ్ళో సర్ది, జారకుండా తుండుగుడ్డ చుట్టాను.

మొదటి బంతికి బౌల్డ్.

"కొత్త గదా, వేగం అలవాటు కావాల," అన్నాను. మళ్ళీ మొదలుపెట్టాం. బౌల్డ్. మళ్ళీ. వాడు మీట నొక్కేసరికి బంతి వికెట్లు పడగొట్టి పోయి ఉంటోంది. గురు "ఏంది రా, నిద్రపోతా ఉండావా?" అని నవ్వబోయి మధ్యలో ఆపేశాడు. సార్ తెర మీద అంకెలు చూసి నన్ను మెచ్చుకున్నారు. విమల్ కూడా, "సూపర్‌గా చేసినావక్కా," అన్నాడు.

ఈరోజు అలిసిపోయాడు. ఇంటినిండా జనం కూడాను.

ఆగస్టు 17

కీబోర్డులో లోపం. మీటలు గట్టిబడ్డాయి. కొత్తది కొన్నాను.

ఆగస్టు 20

కొత్త కీబోర్డు కూడా అంతే.

ఆగస్టు 22

విమల్‌కు తలనొప్పట, ఆడలేదు. నిన్నా అదే అన్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

మాట్లాడాను. పట్టిక వేసి చూపించాను, ఎడమవైపు విండోస్, కుడివైపు లైనక్స్, కుడివైపుదే పైచేయి. చప్పట్లు కొట్టారు. "మీ తమ్ముడు అదృష్టవంతుడు," అని ఎవరో అన్నారు.

ఇంటికొచ్చేసరికి విమల్ కంప్యూటర్‌కు వీపు పెట్టి, కుర్చీ వీధివైపు తిప్పించుకుని కూర్చుని ఉన్నాడు. ఏం చూస్తున్నావురా అంటే ఏం లేదన్నాడు. వీధిలో నిజంగానే ఏం లేదు.

ఆగస్టు 30, శనివారం

ఈరోజుది పూర్తిగా రాయాలి, చేతనైతే.

నేనే గురు ఇంటికి పోయి విండోస్ సీడీ అడిగాను. వాడు నమ్మలేదు. "నువ్వా అక్కా?" అన్నాడు. నేనే. తల వంచుకునే అడిగాను. విమల్ ఆట కన్నా నా సిద్ధాంతం గొప్పదా అని దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇద్దరం ఇంటికొచ్చాం. గురు సీడీ లోపల పెట్టబోతుంటే విమల్ అన్నాడు, "వద్దు రా."

"ఏం వద్దు? నీకు విండోసే అలవాటు. తప్పు నాదే," అన్నాను.

"తప్పు లైనక్స్‌ది కాదక్కా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఈమధ్య రెండు మాటలకోసారి తీసుకుంటున్నాడు. "విండోస్‌లో కూడా అవుట్ అయిపోతానే ఉంటి. పొంగల్ అప్పటినుంచి ఒక్క ఫోర్ లేదు. వైరస్ వచ్చిందంటే సంతోషపడితి, ఇంక ఆడమని ఎవరూ అడగరు గదా అని. నువ్వు దీన్ని పెట్టినాక బాల్ నాకోసం ఆగి ఆగి వస్తా ఉన్నింది. వేలు పోయేదాకా అది నిలబడతా ఉన్నింది. ఇప్పుడు నిలబడటంలే."

గురు సీడీని చేతిలో తిప్పుతూ నిలబడిపోయాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు రా?"

"అంత కష్టపడి వేగం చేస్తా ఉంటివి. వేగం చేస్తే నీకు సంతోషంగా ఉండాదని."

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. ఆ బంతి నెమ్మదిగా వచ్చిన రెండు నెలలూ మా ఇంట్లో వాడు సుఖంగా ఉన్న రోజులు. వాటిని నా చేతులతో, చదువుకుని మరీ, పట్టికలు వేసి మరీ చెడగొట్టాను.

ఆగస్టు 31

డ్రైవర్ తీసేశాను. పాత వైన్ పెట్టాను. బౌలర్ మళ్ళీ అలల్లో నడుస్తున్నాడు. విమల్ పద్నాలుగు పరుగులు చేశాడు. నాన్న కుర్చీ వెనక నిలబడి చూశాడు, చేయి వాడి తల మీద పెట్టి.

సెప్టెంబర్ 13

ఈ నిదానమూ చాలడం లేదు. బల్ల సంగతి కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కాళ్ళు కోశాక బల్ల కదలలేదు, దిగిపోతూ వచ్చింది వాడి చేతులే.

మెయిలింగ్ లిస్టులో అడిగాను, ఒక గేమ్‌ను ఇంకా నెమ్మదిగా నడపడం ఎలా అని. వేళాకోళం అనుకున్నారు. 'విండోస్ వేసుకో, అదే నెమ్మదవుతుంది' అని ఒకడు. ముందైతే నేనూ నవ్వేదాన్ని, ఇంకో మాట కలిపేదాన్ని. ఒక్కరు మాత్రం, ఎవరో, ఏ దేశమో, ప్రాసెసర్‌లో ఇంత వంతే వాడుకో అని గేమ్‌కు కళ్ళెం వేసే చిన్న ప్రోగ్రాం ఉందని, దాన్ని వాడే పద్ధతితో సహా రాశారు. ఎందుకని అడగలేదు. కింద ఒక వాక్యం ఉంది: 'ఇంకా తగ్గించాల్సి వస్తే మళ్ళీ రాయండి.'

సెప్టెంబర్ 28

మళ్ళీ రాశాను.

అక్టోబర్ 8

ఆయుధ పూజ. నాన్న బండి, కొడవలి, పార, నా సైకిల్, అన్నీ వాకిట్లో కడిగి పెట్టాం. అమ్మ అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి, కంప్యూటర్‌కూ పెట్టింది. కీబోర్డు మీద విమల్ నొక్కే మీట ఏదని నన్నడిగి, దాని మీదా ఒక బొట్టు పెట్టింది. తరువాత వాడి ఎదుట కూర్చుని కుడిచేయి ఒళ్ళోకి తీసుకుని చూపుడువేలుకు చందనం రాసి కుంకుమ అద్దింది.

"నేను ఆయుధమా అమ్మా?" అన్నాడు వాడు.

"ఊరికే ఉండు. పూజకు పెట్టినాక ఈ రోజంతా పని చేయకూడదు," అంది అమ్మ.

ఈరోజు వేలు కదలకపోతే అడిగేవాళ్ళు లేరు. అమ్మ కావాలనే అలా అందని నాకిప్పుడు తోస్తోంది.

అక్టోబర్ 9, విజయదశమి

పూజ ఎత్తాక ఈరోజు మళ్ళీ మొదలుపెట్టాలి కదా. కీబోర్డు ఒళ్ళో పెట్టాను. బంతి వచ్చింది. మీట దిగలేదు. బొట్టు కూడా చెదరలేదు.

అవుట్ కాకముందే ఆపేశాను.

"అక్కా, నువ్వు నొక్కు. నేను చెప్తా."

"ఏం చెప్తావు?"

"'ఇప్పుడు' అని అంటా. అనంగానే నొక్కు."

అమ్మ కుంకుమ భరిణె తెచ్చి నా చూపుడువేలుకు బొట్టు పెట్టి పోయింది.

వాడి గొంతులోంచి మాట వచ్చి, నా చెవిన పడి, నా వేలు కదిలేసరికి ఎంత ఆలస్యమో ఈరోజు తెలిసింది. బంతి ఇంకా నిదానంగా రావాలి, ఈసారి నాకోసం కూడా. సాయంత్రం కళ్ళెం ఇంకొంచెం బిగించాను.

అక్టోబర్ 26

కొత్త టెస్ట్ మ్యాచ్ మొదలుపెట్టాం. ఒకే ఇన్నింగ్స్, రోజూ కొంచెం. ఆడినంత వరకూ సేవ్ చేసి మర్నాడు అక్కడినుంచి. ఒక్కో బంతి ఎంతసేపు వస్తుందంటే, మధ్యలో వాడు నాతో కబుర్లు చెబుతాడు. ఆఫీసులో ఎవరేమన్నారు, గురు తన కాలేజీలో చదివే ఆ జయంతి వెనకాల ఎందుకు తిరుగుతున్నాడు, అన్నీ అడుగుతాడు. కళ్ళు మాత్రం బంతి మీదే. ఉన్నట్టుండి, "ఇప్పుడు."

వాడు చెప్పిన ఏ బంతీ తప్పలేదు. తప్పినవన్నీ నా వేలువే.

నవంబర్ 9

అరవై రెండు పరుగులు. లైనక్స్ గుంపులో చెప్పింది కాదు, ఏ పట్టికలోనూ లేదు, కానీ నా అభిప్రాయం రాసిపెడుతున్నాను: ఈ గేమ్ లైనక్స్‌లో విండోస్ కన్నా బాగా నడుస్తుంది.

నవంబర్ 20

జలుబు చేసింది వాడికి. వానలు. మూడు బంతులు ఆడి, "మిగిలింది రేపు," అన్నాడు. డెబ్బై ఒకటి. సేవ్ చేశాను.

నవంబర్ 23

ఆస్పత్రిలో. ఊపిరి గొట్టం పెట్టారు. మాట లేదు. నావైపు చూసి కనురెప్ప వాల్చి ఎత్తాడు. 'ఇప్పుడు' అన్నాడని నాకు తెలుసు. ఏం నొక్కాలో తెలియలేదు.

నవంబర్ 27

పొద్దున.

డిసెంబర్ 13

నిన్న విమల్ పదహారో రోజు కర్మ. సోలై నగర్ దగ్గర సముద్రంలో నాన్న అన్నీ వదిలాడు. గురు గుండు చేయించుకున్నాడు, ఎవరు చెప్పినా వినలేదు. "నేనూ వాడికి అన్నదమ్ముణ్ణే," అన్నాడు.

డిసెంబర్ 21, ఆదివారం

కంప్యూటర్ తెరిచాను. కొత్త డ్రైవర్ వచ్చిందట, వేయమంటారా అని మూలన చిన్న పెట్టె. వద్దని నొక్కాను. మళ్ళీ అడుగుతూనే ఉంటుంది, నేను వద్దంటూనే ఉంటాను.

మ్యాచ్ తెరిచాను. విమల్ ఎ, డెబ్బై ఒకటి. బౌలర్ బయలుదేరాడు. మీట మీద అమ్మ పెట్టిన బొట్టు మరక ఇంకా ఉంది. వేలు దాని మీద పెట్టుకుని కూర్చున్నాను. బంతి చేతిలోంచి వచ్చింది, ఆగింది, కొంచెం కదిలింది, మళ్ళీ ఆగింది. నేను వింటూ ఉన్నాను. ఎంత నిదానంగా వచ్చినా వస్తోంది. సగం దూరంలో ఉండగా గేమ్ మూసేశాను, ఏదీ సేవ్ చేయకుండా. మళ్ళీ ఎప్పుడు తెరిచినా ఆ బంతి ఇంకా బౌలర్ చేతిలోనే ఉంటుంది.

అమ్మ ఎప్పుడొచ్చిందో వెనకాల నిలబడి ఉంది. తడిచేయి కొంగుకు తుడుచుకుంటూ తెర వైపు చూసింది.

"అయిపోయిందా పాపా ఆట?"

"లేదమ్మా," అన్నాను. "ఇంకా ఆడతానే ఉండాడు."